వార్నర్ సారు వ్యాసం

యాభై రెండేళ్ల వయసులో నేను మెచ్యూర్ అయ్యాను. నవ్వకండి, ఆ మాట అన్నది యూనివర్సిటీవాళ్లు. ఈడు దాటాక చదువుకోడానికి వచ్చినవాళ్లని ఇక్కడ 'మెచ్యూర్ స్టూడెంట్' అంటారు. మా తెనాలిలో ఆడపిల్ల మెచ్యూర్ అయితే చాప మీద కూర్చోబెట్టి, చిమ్మిలి తినిపించి, పేరంటాళ్లని పిలిచి పాటలు పాడిస్తారు. కెనడాలోని ఈ ఒషావాలో ఫీజు కట్టించుకుని, కారు ఎక్కడెక్కడ పెట్టకూడదో చెప్పి పంపించారు. జనవరి నెల, చెవులు తెగిపడే చలి. ఆ నెలలో ఈ ఊరి పేరు ఎవరు పలికినా 'ఓ శవమా' అని నన్నే పిలిచినట్టుంటుంది.

నాకు డిగ్రీల పిచ్చి లేదు. ఉద్యోగం కావాలి. తెనాలి జూనియర్ కాలేజీలో నేను ఇంగ్లీషు లెక్చరర్ని. ఈ దేశం వచ్చాక నా ఎమ్మేని ఎవరో తక్కెట్లో వేసి, 'మా బీయేకి కాస్త తక్కువ తూగింది' అన్నారు. అప్పట్నుంచి ఒక ఎలిమెంటరీ స్కూల్లో లంచ్ రూమ్ సూపర్‌వైజర్ని, అంటే పిల్లలు తింటుంటే కాపలా. భ్రమరాంబ అనే నా పేరు వాళ్ల నోటికి అందక 'మిస్ బ్రమా' అయింది. అంబ ఎగిరిపోయింది, భ్రమ మిగిలింది.

కిందటి శీతాకాలం మొదట్లో, కొత్తగా వలస వచ్చినవాళ్లకి ఇంగ్లీషు నేర్పే అడల్ట్ లెర్నింగ్ సెంటర్‌లో టీచరు పోస్టు పడింది. ఇంటర్వ్యూ చేసిన మేనేజరమ్మకి నేను నచ్చాను. కాని నియమం నియమమేనంది. కెనడాలో చదివిన ఇంగ్లీషు సాహిత్యం కోర్సు ఒక్కటి, కనీసం బి గ్రేడుతో చూపిస్తే మే నెలలో చేరిపోవచ్చంది. నా పని వేళలకి కుదిరే కోర్సు ఆ టర్ములో ఒక్కటే ఉంది: 'ఆధునిక అమెరికన్ సాహిత్యం, దాని సాంస్కృతిక సందర్భం'. చేరిపోయాను.

అమెరికా అదే జనవరిలో మా ఇంటికి ఇంకో దారిన కూడా వచ్చింది. మా ఆయన రామమోహనరావుగారు కార్లకి సీట్లు కుట్టే ప్లాంటులో క్వాలిటీ ఇన్‌స్పెక్టరు. కుట్టు వంకరపోతే పట్టుకోవడం ఆయన పని. సరిహద్దుకి అవతల సుంకాలు పెంచేసరికి ఇవతల ఆర్డర్లు తగ్గాయి, ఆయన షిఫ్టు ఎత్తేశారు. సీట్లు కుట్టేచోట ఆయన సీటే చిరిగిపోయింది. దేశమంతా 'మోచేతులు పైకి' అని నినాదం ఇస్తోంది, పోరాడదామని. మా ఇంట్లో ఈయన చేతులెత్తేశారు.

కోపం మాత్రం దించలేదు. ఫ్రిజ్‌లోంచి అమెరికా సరుకంతా ఏరి పారేశారు. ఫ్లోరిడా నారింజ రసం పోయింది, మొరాకో నారింజలు వచ్చాయి. సరిగ్గా ఆ వారమే నేను ఐదు అమెరికన్ నవలలు తెచ్చి భోజనాల బల్ల మీద పెట్టాను.

"వాళ్ల నారింజలు వద్దని ఒట్టేసుకున్నాం. నవలలు మాత్రం ఎందుకే?" అన్నారు.

"నారింజలో ఒక్క రసమేనండీ. నవలలో నవరసాలు."

"నన్ను పిండేసింది చాల్లేదా, మళ్లీ నువ్వు కూడా పిండుకోవాలా?"

"నేను పిండేది బి గ్రేడండీ. అది రాకపోతే మే నుంచి ఈ ఇంట్లో రసం కాదు, చారు కూడా ఉండదు."

ఆయన వెళ్లి మొరాకో నారింజ ఒలుచుకున్నారు.

ప్రొఫెసరు పేరు డగ్లస్ వార్నర్. మొదటిరోజే లోపల 'వార్నీ' అనుకున్నానుగాని పైకి సార్ అన్నాను. అప్పటికి ఆయన నాకు సారే, కాబట్టి అప్పటి సంగతులు చెప్పేటప్పుడు ఏకవచనం వాడను. మనిషి మంచివారు. పొడుగ్గా, మోచేతుల దగ్గర తోలు అతుకులున్న కోటు వేసుకుని, బల్ల మీద కూర్చుని పాఠం చెప్పేవారు. బల్ల మీద కూర్చోవడం నాకు నచ్చలేదు. పాఠం నచ్చింది.

"సార్ వద్దు. అందరూ నన్ను డగ్ అనండి," అన్నారు నవ్వుతూ. తర్వాత నావైపు తిరిగి, "మీ పేరు?"

"భ్రమరాంబ, సార్."

"అద్భుతంగా ఉంది. బ్రమ అంటే ఫరవాలేదా?"

ఫరవాలేదో లేదో ఆలోచించేలోపల క్లాసులో అందరూ బ్రమ అనేశారు.

పెళ్లయిన ఇన్నేళ్లలో మా ఆయన్నే నేను పేరు పెట్టి పిలవలేదు. పాఠం చెప్పే మనిషిని డగ్ అనడమేమిటి? డగ్ అంటే నాకు దగ్గొచ్చినట్టుంటుంది. సార్ అనే అంటూ వచ్చాను. అన్నప్పుడల్లా ఆయన "ప్లీజ్, డగ్" అనేవారు. నేను "యెస్, సార్" అనేదాన్ని. క్లాసులో మా అమ్మాయి కంటే చిన్నపిల్లలు కిసుక్కున నవ్వేవాళ్లు. అది ఆప్యాయతే అనుకున్నాను.

ఆ క్లాసులో నాకు ఇంకో హోదా కూడా ఉండేది. ప్రతి వారం ఏదో ఒక చోట వార్నర్ సారు ఆగి, "బ్రమా, మీ సంస్కృతిలో దీన్ని ఎలా చూస్తారు?" అని అడిగేవారు, నా సంస్కృతి నా హ్యాండ్‌బ్యాగు పక్కజేబులో ఉన్నట్టు. ఒక వారం చావు, ఒక వారం పెళ్లి. నవలలో ఎక్కడన్నా ఆవు కనిపిస్తే చాలు, క్లాసంతా నావైపు తిరిగేది. మా నాయనమ్మ కాలం నుంచీ మేం పాలు కొనుక్కునేవాళ్లమేనని చెప్పినా ఎవరూ రాసుకోలేదు.

ఆ టర్ములో ముఖ్యమైన నవలలో కథ ఇది. అమెరికా దక్షిణాదిలో ఒక చిన్న ఊరు, డెబ్బై ఎనభై ఏళ్ల కిందటి కాలం. వెర్నా అనే నల్లజాతి ఆవిడ ఒక తెల్లవాళ్లింట్లో వంట చేస్తుంటుంది. ఆ ఇంట్లో పాలపళ్లు ఊడని పిల్లాడు కూడా ఆమెని 'వెర్నా' అనే పిలుస్తాడు. ఆమె మాత్రం వాణ్ని 'మిస్టర్' అనాలి. పెళ్లయి, మనవల్ని ఎత్తినా 'మిసెస్' అన్న చిన్న మాట ఆమెకి ఎవరూ ఇవ్వరు, పోస్టుమాన్ కూడా. ఆ రోజుల్లో అక్కడ అదే రివాజు అని సారు వివరించారు. ఆ నవల మీద ఆయన ఎప్పుడో రాసిన వ్యాసం కూడా మాకు చదవమని ఇచ్చారు. మనిషిని ఉత్త పేరుతో పిలవడం వెనక ఎంత అధికారం దాక్కుని ఉంటుందో అందులో విప్పి చూపించారు. ఉన్న మాట చెప్పాలి. వ్యాసం బ్రహ్మాండంగా ఉంది. చదువుతూ కళ్లు తుడుచుకున్నాను.

ఫిబ్రవరిలో మిడ్‌టర్మ్. పిల్లలు కంప్యూటర్ల చేత రాయించి తెస్తున్నారన్న భయంతో యూనివర్సిటీ మళ్లీ పెన్నూ కాగితం పట్టుకుంది. పుస్తకం ముట్టకూడదు, ఫోను బయట పెట్టాలి. క్లాసంతా గొల్లుమంది. నాకు మాత్రం పుట్టింటికి వెళ్తున్నట్టనిపించింది.

మన చదువు సంగతి మీకు తెలుసు. ఒక మాట మనసుకి పట్టిందంటే దాన్ని కంఠానికి ఎక్కిస్తాం. మంచి పద్యం ఎదురైతే దాని భావం చెప్పి ఊరుకుంటామా? పద్యమే చెబుతాం. గురువు అంత బాగా చెప్పినదాన్ని నా మాటల్లోకి దింపడమంటే గడ్డపెరుగులో కుళాయి తిప్పడమే. అందుకని వార్నర్ సారు వ్యాసంలో గుండెకాయలాంటి మూడు పేరాలు తీసుకున్నాను. ఒప్పజెప్పించుకోవడానికి మా ఆయన ఇంట్లోనే ఉన్నారు కదా.

ఆయన సోఫాలో కాగితాలు పట్టుకుని కూర్చుంటే నేను వంటింటికీ హాలుకీ మధ్య తిరుగుతూ, చేతిలో గరిటెతో, చెప్పేదాన్ని. సీట్ల కుట్లు చూసిన కళ్లు కదా, ఏదీ వదిలేవారు కాదు.

"కామా," అనేవారు.

"పెట్టానండీ."

"పెట్టలేదు. మింగేశావు."

"కామా మింగితే కామెర్లు రావులెండి."

"మళ్లీ మొదట్నుంచి."

షిఫ్టు పోయాక ఆయన ముఖంలో మళ్లీ కాస్త రంగు కనిపించింది ఆ రోజుల్లోనే. కొన్నాళ్లకి కాగితం చూడకుండానే నా తప్పులు పట్టడం మొదలుపెట్టారు. ఒకరోజు పప్పులో తాలింపు వేస్తూ నేను ఆగిపోతే, స్నానాల గదిలోంచి మిగతా వాక్యం వినిపించింది.

"అమెరికా సరుకండీ!" అని అరిచాను.

"రాసింది ఒషావాలోనేగా," అని అరిచారు.

పరీక్ష బ్రహ్మాండంగా రాశాను. వెర్నా మీద ప్రశ్న వచ్చింది. నాకు తోచింది కొంత రాసి, ఆ మూడు పేరాలకి ముందు 'మా గౌరవనీయులైన సార్ చక్కగా సెలవిచ్చినట్లు' అని ఇంగ్లీషులో రాశాను. ఆయన పేరు రాయడానికి చెయ్యి రాలేదు. దిద్దేది ఆయనే. ఆయన చూసే కాగితం మీద ఆయన పేరు బోడిగా రాస్తే ముఖం మీద చిటిక వేసి పిలిచినట్టుంటుంది. సార్ అంటే ఎవరో ఆయనకి తెలుసు. ఆ క్లాసులో సార్ అనేదాన్ని నేనొక్కదాన్నే. ఆ పిలుపు అందుకునేది ఆయనొక్కరే.

పది రోజులు తిరక్కుండా మెయిల్ వచ్చింది. సారు దగ్గర్నుంచి కాదు, అకడమిక్ ఇంటెగ్రిటీ ఆఫీసు నుంచి. పరీక్షలో అనుమతి లేని సాధనం వాడినట్టు అనుమానమట. విచారణకి రమ్మన్నారు, తోడుగా ఒకరిని తెచ్చుకోవచ్చన్నారు.

"సాధనమా!" అని ఇల్లెగిరిపోయేలా అరిచాను. "సాధన అనమనండి, ఒప్పుకుంటాను!"

ఆ శనివారం రిచ్‌మండ్ హిల్ నుంచి మా అమ్మాయి భవిత వచ్చింది. ఇన్సూరెన్స్ కంపెనీలో పనిచేస్తుంది, దేన్నైనా క్లెయిములాగే చూస్తుంది.

"అమ్మా, యూ రోట్ హిజ్ పేపర్ వర్డ్ ఫర్ వర్డ్? నో కోట్స్? నో నేమ్?"

"సార్ అని రాశాగా!"

"సార్ ఈజ్ నాట్ ఎ నేమ్, అమ్మా! దట్స్ లిటరల్లీ ప్లేజియరిజం."

"కాపీ అంటే పక్కవాడి పేపర్లోకి తొంగిచూడటం. నేను తలెత్తితే ఒట్టు."

"దట్స్ వర్స్. నో వన్ విల్ బిలీవ్ ఇట్. జస్ట్ సే సారీ, ఓకే? యూ నీడ్ దిస్ జాబ్."

"ఏం చేశానని సారీ? చదివానని సారీనా?"

"నాన్నా, టెల్ హర్."

మా ఆయన చెప్పారు, నాకు కాదు, దానికి. "మీ అమ్మ ఎలా రాసిందో నాకు తెలుసు. నేను వస్తా తోడు."

మార్చి నెల. రోడ్ల పక్కన మంచు నల్లబడి గుట్టలు పడి ఉంది. విచారణ గదిలో గుండ్రటి బల్ల, దాని మీద టిష్యూల పెట్టె. ఇష్యూ వాళ్లది, టిష్యూ నాకు. ఒకపక్క అసోసియేట్ డీన్, నాకంటే పదేళ్లు చిన్నది, మెత్తటి గొంతు. ఆమె పక్కన వార్నర్ సారు. నన్ను చూసి జాలిగా తలూపారు. అక్కడ మాటలన్నీ ఇంగ్లీషులోనే సాగాయి. నాకు గుర్తున్నంతవరకు, అంటే పూర్తిగా, చెబుతున్నాను.

"మూడు పేరాలు, విరామ చిహ్నాలతో సహా, అచ్చులో ఉన్నట్టే ఉన్నాయి," అంది డీన్. "చూడకుండా ఇలా రాయడం మనిషికి సాధ్యం కాదని ప్రొఫెసర్ వార్నర్ అభిప్రాయం. ఫోను వాడారా?"

"సారుని వ్యాసం తీసి పట్టుకోమనండి," అన్నాను.

లేచి నిలబడ్డాను. ఒప్పజెప్పడం కూర్చుని చేసే పని కాదు. చేతులు కట్టుకుని మొదలుపెట్టాను. మొదటి పేరా అయ్యేసరికి డీన్ పెన్ను కింద పెట్టేసింది. వార్నర్ సారు వేలు కాగితం మీద వాక్యం వెంట వాక్యం జరుగుతోంది. రెండో పేరా మధ్యలోకి వచ్చాను.

"హవెవర్," అన్నారు మా ఆయన.

"క్షమించండి?" అంది డీన్.

"హవెవర్ వదిలేసింది, మేడమ్. 'హవెవర్', కామా, తర్వాత 'ద నేమ్'."

వార్నర్ సారు కాగితంలోకి చూశారు. తలూపారు. అవును, ఉంది.

"తోడు వచ్చినవారు మాట్లాడకూడదండీ," అంది డీన్. ఆమె గొంతులో మెత్తదనం కాస్త చెదిరింది.

"సారీ, మేడమ్. మా ప్లాంటులో ఒక్క కుట్టు జారినా సీటు వెనక్కి పంపేస్తాం."

హవెవర్ పెట్టుకుని మూడో పేరా చివరిదాకా వెళ్లి కూర్చున్నాను. డీన్ ఫోను ఆరోపణ ఉపసంహరించుకుంటున్నామంది. మా ఆయన బల్ల కింద నా మోకాలు తట్టారు.

"అయితే," అంది డీన్, "మరొకరి వాక్యాలు పేరు చెప్పకుండా వాడటం కూడా ఉల్లంఘనే."

"చెప్పాను. పేరాల పైన చూడండి."

ఆమె నా జవాబు పుస్తకం తిప్పి చదివింది. "మా గౌరవనీయులైన సార్... ఈ సార్ ఎవరు?"

నేను వార్నర్ సారువైపు చూశాను. డీన్ కూడా చూసింది. ఆయన ముఖం మెడదాకా ఎర్రబడింది.

"నేనా? ఓ... నేనదేదో పాతకాలపు అలంకారం అనుకున్నాను. అందరినీ డగ్ అనమని చెప్పాను కదా."

వారం వారం నా నోట సార్ అన్న పిలుపు విని, వద్దని చేతులు ఊపిన మనిషి! కాగితం మీద అదే పిలుపు కనిపిస్తే ఎవరినో అనుకున్నారు. మనుషుల్ని పిలిచే తీరు మీద అంత వ్యాసం రాసినాయన! నాలోపల ఏదో సలసల కాగింది. అయినా ఊరుకున్నాను. ఇప్పుడు తెలిసింది కదా, అయిపోతుందనుకున్నాను.

అప్పుడు వార్నర్ సారు నన్ను కాపాడటం మొదలుపెట్టారు.

"ఇందులో బ్రమ తప్పు లేదు," అన్నారు డీన్‌తో, నేను గదిలో లేనట్టు. "ఆమె వచ్చిన సంస్కృతిలో చదువంటే బట్టీ పట్టడమే. సొంత ఆలోచన అక్కడ ఎవరూ అడగరు. మేధాపరమైన నిజాయితీ అన్న భావనే వేరు. మనం దీన్ని సాంస్కృతిక సందర్భంలో పెట్టి చూడాలి."

డీన్ ముఖం తేలికపడింది. దారి దొరికింది కదా. ఒక కాగితం నా ముందుకి జరిపింది. నా సాంస్కృతిక, విద్యా నేపథ్యం కారణంగా విద్యలో నిజాయితీ ప్రమాణాలు నాకు తెలియవని నేను ఒప్పుకుంటే మందలింపుతో సరిపెడతారు. మార్కులు పోవు. ఒప్పుకోకపోతే ఆ ప్రశ్నకి సున్నా.

సున్నా పడితే బి గ్రేడు ఇంచుమించు చేజారినట్టే. బి లేకపోతే మే నెల లేదు. మా ఆయన పెన్ను మూత తీసి నా పక్కన పెట్టారు.

నేను జోకు కోసం వెతికాను. నాకు అలవాటు. చావింట్లో కూడా ఒకటి దొరుకుతుంది. దొరకలేదు.

"తెనాలిలో నేను పరీక్ష హాళ్లలో చిట్టీలు పట్టుకున్నదాన్ని," అన్నాను. "దొంగతనమంటే ఏమిటో నాకు ఇక్కడికొచ్చి నేర్చుకోనక్కర్లేదు. కొటేషన్ గుర్తులు పెట్టలేదు. ఇక్కడి పద్ధతి అది, కోర్సు మొదట్లోనే చెప్పారు, నేను పట్టించుకోలేదు. ఆ తప్పు నాది. మా అమ్మది కాదు, మా ఊరిది కాదు, మా పంతుళ్లది కాదు. సున్నా వేసుకోండి. దీని మీద సంతకం పెట్టను."

"బ్రమా," అన్నారు వార్నర్ సారు మెల్లగా, "నేను మీ పక్షాన్నే ఉన్నాను."

"తెలుసు, సార్," అన్నాను. పెన్నుకి మూత పెట్టి మా ఆయనకి ఇచ్చేశాను.

కారెక్కాక మా ఆయన కేకలేశారు. ఎప్పుడూ కేకలేసేది నేను. ఆ రోజు వంతు మారింది.

"ఒక్క సంతకమేగా! ఎవడు చదువుతాడది? బీరువాలో పడేస్తారు! ఇంట్లో నేను ఖాళీగా కూర్చున్నానని తెలుసు, అయినా నీ పౌరుషం నీకు ముఖ్యం!"

"మీరు తప్పు కుట్టు చూడకుండా వదిలేస్తే మీ ప్లాంటువాళ్లు ఏమని రాస్తారు? రామమోహనరావు వదిలేశాడని రాస్తారా, ఆ దేశంవాళ్లకి కళ్లు కనపడవని రాస్తారా?"

సిమ్‌కో స్ట్రీట్ మీద సిగ్నల్ దగ్గర ఆగాం. ఎర్రలైటు చాలాసేపు ఉంది.

"ప్లాంటులో మొదటి ఏడాది నా మీద ఆ రెండోదే రాశారు," అన్నారు. "సంతకం పెట్టాను."

లైటు పచ్చబడింది. వెనకవాడు హారన్ కొట్టేదాకా కారు కదల్లేదు.

ఇంటికి వచ్చాక ఇక ఆ కాగితం మాట ఆయన ఎత్తలేదు. భవిత మాత్రం ఫోన్లో, "సో ప్రైడ్ పేస్ ద మార్ట్‌గేజ్ నౌ?" అంది. "ఫోను నాన్నకివ్వు" అంది. ఆయన ఫోను తీసుకుని, "పడుకో అమ్మా, అమ్మ చదువుకుంటోంది," అని పెట్టేశారు. అప్పటికి సాయంత్రం ఐదు కూడా కాలేదు.

ఆ తర్వాత క్లాసులకి వెళ్లాను, మాట్లాడలేదు. ఒక కథలో ఏకంగా ఆవుల మందే వచ్చింది. క్లాసంతా నావైపు తిరిగింది. నేను కిటికీవైపు తిరిగాను.

ఏప్రిల్లో ఫైనల్. ఆ వారం మా ఆయన అలవాటుగా సోఫాలో కూర్చుని చెయ్యి చాపారు. "కాగితాలివ్వు, ఒప్పజెప్పు."

"ఈసారి ఒప్పజెప్పడానికేం లేదండీ. రాయబోయేది ఇంకా ఎవరూ రాయలేదు."

"మరి నేనేం చెయ్యాలి?"

"వంట."

ఆయన చేశారు. చారులో ఉప్పు మర్చిపోయారు. హవెవర్, కామా, తినేశాను.

పరీక్షలో మళ్లీ వెర్నాయే వచ్చింది. మర్యాద అన్నది ఆ నవలలో ఎవరి చేతుల్లో ఉంది, చర్చించండి. నేను మొదటి వాక్యంలోనే 'డగ్లస్ వార్నర్ ఇలా అంటారు' అని పూర్తి పేరుతో రాశాను. ఆయన వాక్యానికి ముందూ వెనకా కొటేషన్ గుర్తులు పెట్టాను, గుమ్మానికి రెండువైపులా మేకులు దిగ్గొట్టినట్టు. ఆ కింద, 'ఆయన సగమే చూశారు' అని రాశాను.

వెర్నాకి మర్యాద ఇవ్వనివాళ్లందర్నీ వార్నర్ వ్యాసం పట్టుకుంది. వెర్నా ఎవరికి ఇస్తుందో చూడలేదు. తెల్లవాళ్లింట్లో భయంతో ఆమె అనే మిస్టర్ వేరు. ఆదివారం చర్చికి వెళ్లినప్పుడు చెప్పులు కుట్టే ముసలాయన్ని 'మిస్టర్' అంటుంది. ఆమె బిడ్డకి అక్షరాలు నేర్పిన పంతులమ్మని 'మిస్' అంటుంది. అక్కడ ఆమె మెడ మీద ఎవరూ కత్తి పెట్టలేదు. తనకి ఎవరూ ఇవ్వనిది తన దగ్గర నిండుగా ఉంది. ఇష్టమైనవాళ్లకి తీసి ఇస్తుంది. వెర్నాని పాపం అని చూసేవాళ్లకి ఇది కనపడదు, ఎందుకంటే ఆమె దగ్గర ఇవ్వడానికి ఏమన్నా ఉంటుందని వాళ్లు అనుకోరు. ఇచ్చేది ఆమె గనక వెనక్కి తీసుకునేది కూడా ఆమే.

చెయ్యి నొప్పి పుట్టేదాకా రాశాను. ఒక్క వాక్యం కూడా ముందుగా నాకు తెలియదు. కోపంతో రాశాను, అక్షరాలు మాత్రం గుండ్రంగానే వచ్చాయి.

గ్రేడు వచ్చింది. బి. దాని పక్కన ప్లస్సూ లేదు, మైనస్సూ లేదు. మేనేజరమ్మకి పంపిస్తే, మే మొదటి సోమవారం రమ్మని జవాబిచ్చింది. మా ఆయన ఆ రోజు నారింజలు కొనడానికి వెళ్లి, ఎక్కడివో చూడకుండా తెచ్చారు.

జవాబు పుస్తకం తెచ్చుకోవాలనిపించి ఏప్రిల్ ఆఖర్లో యూనివర్సిటీకి వెళ్లాను. గుట్టలన్నీ కరిగి రోడ్డంతా చిత్తడి. మా ఆయన కారు స్టార్టు చేసే ఉంచారు. మేడ మెట్లెక్కి వరండాలోకి తిరిగేసరికి ఎదురుగా వార్నర్ సారే, భుజానికి సంచి, చేతిలో కాఫీ.

"బ్రమా! మీ ఫైనల్ చదివి ఎంత సంతోషించానో. నాతో విభేదించారు! చివరికి మీ సొంత గొంతు మీకు దొరికింది."

నా గొంతు. తెనాలిలో ఒక తరం పిల్లలకి పాఠం చెప్పిన గొంతు. లంచ్ రూమ్‌లో నూరుమందిని ఒక్క కేకతో కూర్చోబెట్టే గొంతు. ఆ గుండ్రటి బల్ల ముందు నిలబడి ఈ మనిషి వాక్యాల్ని ఈ మనిషికే, ఆయన కూడా మర్చిపోయిన కామాలతో సహా, అప్పజెప్పిన గొంతు. పోయిందని ఎవరు చెప్పారు, దొరకడానికి? తిట్లు వరసగా వచ్చి పళ్ల వెనక నిలబడ్డాయి, తెనాలివి, తెలుగువి, తర్జుమాకి లొంగనివి.

ఒక్కటీ వదల్లేదు. ఆయన ముఖంలోకి చూసి, చాలా నెమ్మదిగా అన్నాను.

"థాంక్యూ, డగ్."

అతని ముఖం వెలిగిపోయింది. చేయి గుండెల మీద పెట్టుకున్నాడు. "చివరికి!" అన్నాడు. "ఎన్నాళ్లు పట్టింది చూశారా!" ఇంకా నవ్వుతూనే వరండా చివరిదాకా నడిచి, మెట్లు దిగి వెళ్లిపోయాడు.

నేను పుస్తకం తీసుకుని కారు దగ్గరకి వచ్చాను. మా ఆయన రేడియో తగ్గించారు.

"కనిపించారా? ఏమన్నారు సారు?"

"సారు లేరండీ," అన్నాను, సీటు బెల్టు లాక్కుంటూ. "డగ్ ఉన్నాడు."